'బిగ్' తీసిందెవరో మనలో ఎంతమందికి తెలుసు? పెన్నీ మార్షల్ గురించి మాట్లాడుకుందాం

గోదారి_గట్టు
నిన్న రాత్రి మా నాన్నకి 'అవేకెనింగ్స్' పెట్టాను. ఆయనకి నాలుగేళ్లుగా పార్కిన్సన్స్. చూపించాలా వద్దా అని వారం రోజులు తటపటాయించి చివరికి పెట్టాను. సగం అయ్యేసరికి ఆయనకి నిద్ర ముంచుకొచ్చింది, ఆపేశాం.

నా బాధ వేరే. పొద్దున ఆఫీసులో ఈ సినిమా మాటెత్తితే ఐదుగురిలో నలుగురు చూశామన్నారు. అందరికీ డి నీరో తెలుసు, రాబిన్ విలియమ్స్ తెలుసు. తీసిందెవరంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. పోనీ 'బిగ్' తీసిందెవరంటే ఒకతను స్పీల్‌బర్గ్ అన్నాడు. రెండూ ఒకే మనిషి తీసింది, ఆవిడ పేరు పెన్నీ మార్షల్ అంటే "ఎవరావిడ?" అన్నారు.

అమెరికాలో ఒక మహిళ తీసిన సినిమా అక్కడి వసూళ్లలోనే పది కోట్ల డాలర్లు దాటడం 1988లో 'బిగ్'తోనే మొదలు. నాలుగేళ్ల తర్వాత 'ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్'తో ఆవిడే మళ్లీ దాటించింది. మధ్యలో 1990లో వచ్చిన 'అవేకెనింగ్స్' ఉత్తమ చిత్రం ఆస్కార్ పోటీలో నిలబడింది. హీరోకి నామినేషన్ వచ్చింది, స్క్రీన్‌ప్లేకి వచ్చింది. తీసిన మనిషికి మాత్రం లేదు. ఇంత చేసిన ఆవిడ పేరు జనం నోట్లో ఎందుకు లేదు? నాకు నిజంగా మనసు కష్టంగా ఉంది.

రీలు_పిచ్చి
మీ ఆఫీసతను మరీ గాల్లో చెప్పలేదులెండి. 'బిగ్' కథ రాసిన ఇద్దరిలో ఒకావిడ స్పీల్‌బర్గ్ చెల్లెలు ఆన్. రెండో ఆయన గారీ రాస్. ఆ స్క్రిప్టుకీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది, టామ్ హాంక్స్‌కి మొదటి నామినేషన్ వచ్చింది. పెన్నీకి అప్పుడూ లేదు.

కొత్తపేట_కిరణ్
ఆస్కార్ విషయంలో కాస్త ఆగాలి అన్నా. ఆ ఏడాది ఉత్తమ చిత్రం జాబితాలో 'ఘోస్ట్' కూడా ఉంది. దాని డైరెక్టర్ జెర్రీ జకర్‌కీ నామినేషన్ రాలేదు, ఆయన మగాడే. అవతల స్కోర్సేసీ, కపోలా, కాస్ట్‌నర్ నిలబడి ఉన్నారు. ఆడమనిషి కాబట్టే ఇవ్వలేదని తేల్చేయడం నాకు సబబు అనిపించడం లేదు.

పాతసినిమా_పంతులు
కిరణ్, ఆ ఒక్క ఏడాదే చూస్తే నువ్వన్నది నిజమే. అటూ ఇటూ కూడా చూడు. 1986లో 'చిల్డ్రన్ ఆఫ్ ఎ లెసర్ గాడ్', రాండా హైన్స్ తీసింది. 1990లో పెన్నీ. 1991లో 'ద ప్రిన్స్ ఆఫ్ టైడ్స్', బార్బ్రా స్ట్రైసాండ్ తీసింది. మూడు సినిమాలూ ఉత్తమ చిత్రం పోటీలో ఉన్నాయి, ముగ్గురు దర్శకురాళ్లకీ నామినేషన్ లేదు. అంతకుముందు ఇటలీ ఆవిడ లీనా వెర్ట్‌ముల్లర్‌కి ఒకసారి వచ్చింది, తర్వాత న్యూజీలాండ్ నుంచి జేన్ కాంపియన్‌కి వచ్చింది. అమెరికన్ మహిళకి మొదటిసారి రావడానికి సోఫియా కపోలా దాకా, అంటే 2003 సినిమా దాకా ఆగాల్సి వచ్చింది. ఇవన్నీ వరసగా పెట్టి చూస్తే నాకు కాకతాళీయం అనిపించదు.

కొత్తపేట_కిరణ్
మూడూ కలిపి ఎప్పుడూ చూడలేదు పంతులు గారూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

సూటిగా_చెప్తా
ఆస్కార్ సంగతి సరే, ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. వాళ్లన్నయ్య గారీ మార్షల్ అప్పటికే టీవీలో పెద్ద నిర్మాత. 'ది ఆడ్ కపుల్'లో సెక్రటరీ వేషం ఇప్పించింది ఆయన సీరియలే. ఈవిడకి పేరు తెచ్చిన టీవీ షో 'లవర్న్ అండ్ షిర్లీ' కూడా ఆయన సృష్టే. అన్న లేకపోతే ఈవిడ ఉండేదా? మనవాళ్లయితే వారసులని దుమ్మెత్తిపోస్తాం.

రెండో_ఇన్నింగ్స్
సూటిగా గారూ, అన్నయ్య తలుపు తీశాడు, అది ఎవరూ కాదనరు. తలుపు దాకా ఆవిడ ఎలా వచ్చిందో కూడా చూడండి.

1943 అక్టోబర్ 15న న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టింది. వాళ్లమ్మ తాము ఉండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలకి ట్యాప్ డాన్స్ నేర్పేది. పెన్నీ మూడేళ్లకే ఆ క్లాసులో నిలబడింది. తర్వాత చదువుకని న్యూ మెక్సికో వెళ్లింది, అక్కడ కడుపు పండింది, పెళ్లయింది, చదువు ఆగింది, కూతురు పుట్టింది, ఆ పెళ్లి నిలవలేదు. సెక్రటరీగా చేసింది, డాన్స్ నేర్పింది. 1967లో చేతిలో ఏమీ లేకుండా లాస్ ఏంజెలిస్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి చేరింది.

నాకు ఇరవయ్యేళ్లకి పెళ్లి, ఇరవై రెండుకి పాప, ఇరవై ఆరుకి పుట్టింటికి తిరిగొచ్చాను. మా అన్నయ్యే తన షాపులో లెక్కలు రాసే పని ఇచ్చాడు. అన్నయ్య ఇచ్చాడని చాలామంది ఈజీగా అనేశారు. పగలు లెక్కలు రాసి, పాపని పడుకోబెట్టి, రాత్రి పన్నెండు దాకా చదివి పరీక్షలు రాసింది నేను. అందుకే ఈ మాట వింటే ఊరుకోలేను. పెన్నీ మొదటి సినిమా 'జంపింగ్ జాక్ ఫ్లాష్' చేసేసరికి ఆవిడకి 42 ఏళ్లు. అదీ అసలు దర్శకుడు షూటింగ్ మధ్యలో వెళ్లిపోతే పిలిచి అప్పగించిన సినిమా. సగంలో ఆగిన పని నెత్తిన వేసుకోవడం ఎలాంటిదో పని చేసినవాళ్లకి తెలుస్తుంది.

సూటిగా_చెప్తా
అమ్మా, మిమ్మల్ని నొప్పించాలని అనలేదు. సగంలో సినిమా తీసుకున్న సంగతి నాకు తెలీదు.

సుబ్బులు_77
ఆవిడ యాక్టింగ్ రోజుల ముచ్చట ఒకటి చెప్పాలి. పేరు రాకముందు ఒక షాంపూ యాడ్‌లో నటి ఫారా ఫాసెట్‌తో కలిసి చేసింది. ఫారా అందగత్తె, పెన్నీ పక్కన మామూలు పిల్ల. లైటింగ్ సరిచూసుకోవడానికి వీళ్ల బదులు నిలబెట్టే అమ్మాయిలకి అట్టముక్కలు తగిలించారట. ఒకదాని మీద 'అందమైన అమ్మాయి' అని, రెండోదాని మీద 'అనాకారి' అనే అర్థం వచ్చే మాట. ఫారా అది చూసి ఆ మాట కొట్టేసి 'సాదాసీదా' అని రాసింది. నాకు ఇద్దరూ నచ్చేశారు.

చికాగో_చలి
'లవర్న్ అండ్ షిర్లీ' పాత ఎపిసోడ్లు ఇక్కడికొచ్చిన కొత్తలో ఇంగ్లీష్ యాస పట్టుకోవడానికి చూసేవాణ్ణి. మిల్వాకీలో బీరు ఫ్యాక్టరీలో సీసాలకి మూతలేసే ఇద్దరమ్మాయిల కథ. 1976 నుంచి 1983 దాకా నడిచింది, ఒక దశలో అమెరికాలో నంబర్ వన్ షో. పెన్నీ వేసుకునే ప్రతి డ్రెస్సు మీదా పెద్ద 'ఎల్' అక్షరం కుట్టి ఉంటుంది. పాలల్లో పెప్సీ కలుపుకుని తాగుతుంది. మా రూమ్మేట్ అది చూసి నిజంగానే కలుపుకుని తాగి రెండ్రోజులు మజ్జిగన్నం తిన్నాడు.

అందులోనే కొన్ని ఎపిసోడ్లు ఆవిడే డైరెక్ట్ చేసింది. పని నేర్చుకుంది అక్కడే.

రీలు_పిచ్చి
పాలు పెప్సీ 😀 నేను మాత్రం ప్రయత్నించను.

'బిగ్' గురించి నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి. పన్నెండేళ్ల కుర్రాడు రాత్రికి రాత్రి పెద్దవాడైపోయే కథ అది. అప్పట్లో అలాంటి పిల్లాడు పెద్దాడు సినిమాలు వరసపెట్టి వచ్చాయి, జనానికి మొహం మొత్తింది. ఇదే ఎందుకు నిలిచింది? ఆవిడ హాంక్స్‌ని నీకు తోచినట్టు పిల్లాడిలా చెయ్యి అని వదిలెయ్యలేదు. చిన్నప్పటి పాత్ర వేసిన డేవిడ్ మాస్కో చేత పెద్దాడి సీన్లు కూడా చేయించి తీసి పెట్టింది. హాంక్స్ అవి చూసి ఆ కుర్రాడి నడక, చేతులు ఊపడం, బిత్తరచూపులు పట్టుకున్నాడు. పార్టీ సీన్‌లో బుల్లి మొక్కజొన్న కంకిని పెద్ద కంకి కొరికినట్టు గింజ గింజా కొరుక్కుంటూ తినడం గుర్తుందా?

కొత్తపేట_కిరణ్
నేల మీద పియానో సీన్ వదిలేశావేం బ్రో! బొమ్మల షాపులో హాంక్స్, ఆయన బాస్ వేషం వేసిన రాబర్ట్ లోజియా ఇద్దరూ డూపుల్లేకుండా సొంత కాళ్లతో గెంతారు. మా అబ్బాయి అది చూసి టైల్స్ మీద సుద్దతో గళ్లు గీశాడు. కింద పోర్షన్ ఆంటీ రెండుసార్లు పైకొచ్చారు.

రీలు_పిచ్చి
అదే కదా ఆవిడ పనితనం. చాలామంది డైరెక్టర్లయితే ఆ సీన్‌లో కెమెరాని గిరగిరా తిప్పి, యాభై ముక్కలు కోసేవాళ్లు. ఆవిడ దూరంగా నిలబెట్టి ఇద్దరి ఒళ్లూ తలనుంచి కాళ్లదాకా కనిపించేలా ఉంచింది. డాన్స్ నేర్పే తల్లి కూతురు కదా, కాళ్లు కనిపించాలని తెలుసు.

వార్డు_సిస్టర్
'అవేకెనింగ్స్' గురించి చెప్పడానికే లాగిన్ అయ్యాను. న్యూరో వార్డులో పదకొండేళ్లుగా చేస్తున్నాను.

అది ఆలివర్ శాక్స్ అనే డాక్టర్ నిజ అనుభవం. మెదడువాపులో నిద్రజబ్బు అనే రకం 1920ల ప్రాంతంలో ప్రపంచమంతా పాకింది. బతికి బయటపడ్డవాళ్లలో కొందరు తర్వాత కదలకుండా, మాట్లాడకుండా బొమ్మల్లా అయిపోయి దశాబ్దాలు ఆస్పత్రుల్లోనే ఉండిపోయారు. 1969లో బ్రాంక్స్‌లోని ఆస్పత్రిలో శాక్స్ వాళ్లకి ఎల్-డోపా అనే పార్కిన్సన్స్ మందు ఇస్తే లేచి నడిచారు, మాట్లాడారు. తర్వాత మందు అదుపు తప్పి, చాలామంది మళ్లీ వెనక్కి పోయారు.

క్యాంటీన్ సీన్ చూడండి. లియొనార్డ్‌కి, అంటే డి నీరోకి, అప్పటికి ఒళ్లంతా అదిరిపోతూ ఉంటుంది. తను ఇష్టపడ్డ అమ్మాయికి ఇక కలవనని చెప్పి చెయ్యి కలిపి లేస్తాడు. ఆ అమ్మాయి చెయ్యి వదలదు. దగ్గరికి తీసుకుని మెల్లగా అడుగులేస్తుంది. ఆ అడుగుల్లో అతని ఒళ్లు నెమ్మదిస్తుంది. చుట్టూ మిగతా రోగులు తింటూ తింటూ ఆగి చూస్తుంటారు. తర్వాత అతను పైన కిటికీ ఊచల దగ్గర నిలబడి ఆమె బస్సు ఎక్కేదాకా చూస్తాడు.

అది సినిమా కోసం కల్పించిన మాయ అనుకోకండి. నడవలేక గుమ్మం దగ్గర ఆగిపోయిన పేషెంటుకి మేం లయగా "ఒకటి రెండు, ఒకటి రెండు" అని చెబుతూ చెయ్యి పట్టుకుంటే అడుగు పడుతుంది. పాటకి కూడా పడుతుంది. నా వార్డులో ఒక పెద్దాయన పాత ఘంటసాల పాట అందుకుంటేనే మంచం దిగేవారు.

గోదారి_గట్టు
సిస్టర్ గారూ, మేం ఆపింది సరిగ్గా ఆ సీన్‌కి ముందే. నాన్న కూడా వంటింటి గడప దగ్గర ఆగిపోతారు. పాట పాడి చూడాలని నాకెప్పుడూ తట్టలేదు.

చేలగట్టు_రైతు
సినిమా నేను చూడలేదు గానీ ఎల్-డోపా అంటే ఒక సంగతి. మన దూలగొండి గింజల్లో ఉండేది అదే పదార్థం. 1937లోనే మద్రాసులో శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని విడదీశారు. చిన్నప్పుడు దూలగొండి కాయ నూగు తగిలి ఒళ్లంతా గోక్కున్నవాళ్లం, ఆ తీగలో ఇంత మందుందని ఎవరు చెప్పారు మనకి!

వార్డు_సిస్టర్
నిజమే రైతు గారూ. కానీ దయచేసి ఎవరూ దూలగొండి పొడి తెచ్చి సొంతంగా వాడకండి. ఇప్పటికే మాత్ర వాడుతున్నవాళ్లకి మోతాదు ఎక్కువైపోతుంది. లియొనార్డ్‌కి వచ్చిన అదురులాంటివి మొదలవుతాయి. డాక్టర్‌ని అడగకుండా వద్దు.

పాతసినిమా_పంతులు
ఆ సినిమా షూటింగ్‌లో రాబిన్ విలియమ్స్ మోచెయ్యి పొరపాటున తగిలి డి నీరో ముక్కు విరిగింది. అయినా సినిమా ఆగలేదు.

ఇంకోటి గమనించారా, అదే 1990లో అన్నయ్య గారీ 'ప్రెటీ ఉమన్' తీశాడు. ఒకే ఏడాది అన్న ఒక పెద్ద హిట్టు, చెల్లెలు ఒక పెద్ద సినిమా.

ఇందూరు_పిల్ల
'లీగ్' సంగతి ఎవరూ ఎత్తరేం? నేను నిజామాబాద్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌బాల్ ఆడాను. ఆ సినిమా నాది.

1943లో మగ ఆటగాళ్లు యుద్ధానికి పోతుంటే చూయింగ్‌గమ్ కంపెనీ యజమాని ఫిలిప్ రిగ్లీ ఆడవాళ్ల బేస్‌బాల్ లీగ్ పెట్టాడు. 1954 దాకా నడిచింది, 600 మందికి పైగా ఆడారు. నిబంధనలు వింటే ఒళ్లు మండుతుంది. పొట్టి స్కర్టులే వేసుకోవాలి, లిప్‌స్టిక్ ఉండాలి, నడక నేర్పే క్లాసులకి వెళ్లాలి. స్కర్టు వేసుకుని బేస్‌లోకి జారితే ఏమవుతుందో తెలుసా? తొడ చర్మం లేచిపోతుంది. సినిమాలో ఒకమ్మాయి తొడ మీద పళ్లెం అంత ఎర్రటి గాయం చూపిస్తారు. అది మేకప్ కాదు, నటి రెనే కోల్‌మన్‌కి జారినప్పుడు నిజంగా తగిలిందే. పెన్నీ ముందే అందరికీ ఆట పరీక్ష పెట్టి, ఆడగలిగినవాళ్లనే తీసుకుంది.

నాకూ ఎడమ తొడ మీద అలాంటి మచ్చ ఉంది. జిల్లా మ్యాచ్‌లో ట్రాక్ ప్యాంటు చిరిగి తగిలింది. మా అమ్మ కొబ్బరినూనె రాస్తూ "పెళ్లి చూపుల్లో ఇది కనపడదులే" అంది. సినిమాలో ఆ గాయం చూసిన రోజు నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను.

చికాగో_చలి
మా ఇంటి నుంచి రాక్‌ఫర్డ్ గంటన్నర. 'లీగ్' సినిమాలో చూపించిన పీచెస్ టీమ్ నిజంగా ఆడిన బేయర్ స్టేడియం చూడ్డానికి కిందటి వేసవిలో అమ్మాయిని తీసుకెళ్లాను. పాత టికెట్ కౌంటర్ ఇంకా ఉంది. సినిమాలో కనిపించే గ్రౌండు అది కాదు, ఇండియానాలోని హంటింగ్‌బర్గ్‌ది.

సుబ్బులు_77
టెలిగ్రామ్ సీన్ తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లోకి టెలిగ్రామ్ మనిషి వస్తాడు. యుద్ధంలో ఎవరి భర్తో పోయాడు. పేరు చెప్పలేక నసుగుతుంటే కోచ్ హాంక్స్ ఆ కవరు లాక్కుని అమ్మాయిల మధ్య నడుస్తాడు. భర్తలు యుద్ధంలో ఉన్న ప్రతి అమ్మాయీ నాదేమో అని బిగుసుకుపోతుంది. చివరికి బెట్టీ ముందు ఆగుతాడు. ఆ బెట్టీ వేషం వేసింది పెన్నీ కన్నకూతురు ట్రేసీ. కెమెరా వెనక నిలబడి ఆ తల్లి ఆ సీన్ ఎలా తీసిందో.

రెండో_ఇన్నింగ్స్
సుబ్బులు గారూ, ట్రేసీ ఆవిడ కూతురని నాకు తెలీదు. ఇందాక నేను రాసిన ఆ చిన్న పాపే కదా! కళ్లు చెమర్చాయి.

సూటిగా_చెప్తా
ఇప్పుడు నేను అడిగేది పోట్లాటకి కాదు. ఆఖరి మ్యాచ్‌లో చెల్లెలు కిట్ దూసుకొచ్చి గుద్దితే అక్క డాటీ చేతిలో బంతి జారిపోతుంది. కావాలని వదిలేసిందా, జారిందా?

కొత్తపేట_కిరణ్
కావాలనే. అంత బలమైన క్యాచర్, అక్కడెలా జారుతుంది? చెల్లెలి కోసం వదిలేసింది.

ఇందూరు_పిల్ల
అస్సలు కాదు! అంతకుముందు డాటీ స్వయంగా బంతి విసిరే పిచ్చర్ దగ్గరికెళ్లి చెల్లెలి బలహీనత చెబుతుంది, ఎత్తుగా వచ్చే వేగం బంతులు కొట్టలేదు, వదలనూ లేదు అని. ఓడిపోదామనుకున్న మనిషి ఆ మాట ఎందుకు చెబుతుంది? నేనూ క్యాచర్నే. పూర్తి వేగంతో వచ్చే మనిషి గుద్దితే పక్కటెముకలు కదులుతాయి, చెయ్యి దానంతటదే తెరుచుకుంటుంది. కిట్ గెలిచింది. ఆ గెలుపుని అక్క పెట్టిన భిక్ష చెయ్యకండి.

కొత్తపేట_కిరణ్
ఈరోజు రెండోసారి ఓడిపోయా.

పాతసినిమా_పంతులు
ఆ సినిమాలోనే అర నిమిషం కూడా లేని ఇంకో సీన్ ఉంది. గ్రౌండు బయట నిలబడ్డ నల్లజాతి మహిళ తన దగ్గరికి దొర్లిన బంతి తీసి డాటీ మీదుగా దూరాన ఉన్న అమ్మాయికి విసురుతుంది. పట్టుకున్న అమ్మాయి చెయ్యి విదిలించుకుంటుంది, అంత వేగం. ఆ లీగ్‌లో వాళ్లకి చోటివ్వలేదు. ఒక్క మాట లేకుండా చెప్పింది పెన్నీ. నాకు మాత్రం అది చాలదనిపిస్తుంది, ఆ మనిషి కథ ఇంకాస్త ఉండాల్సింది. టోనీ స్టోన్ అనే ఆవిడ 1953లో నల్లజాతి మగవాళ్ల లీగ్‌లోనే ఆడింది.

రీలు_పిచ్చి
ఒప్పుకుంటా. తర్వాతి సినిమాలు కూడా ఆ స్థాయిలో లేవు. 'రెనెసాన్స్ మ్యాన్' ఆడలేదు, మార్క్ వాల్‌బర్గ్ మొదటిసారి వెండితెర మీద కనిపించింది అందులోనే. 'ద ప్రీచర్స్ వైఫ్' విట్నీ హ్యూస్టన్ పాటల కోసం వినొచ్చు. 2001లో 'రైడింగ్ ఇన్ కార్స్ విత్ బాయ్స్' తర్వాత మళ్లీ కథా చిత్రం పెద్దతెర మీద రాలేదు. 2009లో క్యాన్సర్ వచ్చి తట్టుకుంది. 2018 డిసెంబర్ 17న డయాబెటిస్ సమస్యలతో పోయింది, 75 ఏళ్లు.

సుబ్బులు_77
మన భానుమతి గారు 'చండీరాణి' తీసింది 1953లో. మూడు భాషల్లో, ద్విపాత్రాభినయం చేస్తూ. సావిత్రి గారు 1968లో 'చిన్నారి పాపలు'. విజయనిర్మల గారు 44 సినిమాలతో 2002లో గిన్నిస్‌కెక్కారు. మన ఇంట్లో ఇంత ఉండి మనం కూడా వాళ్లని నటీమణులుగానే తలుచుకుంటాం. గోదారి గారు అడిగినదానికి నాకు తోచిన జవాబు అదే, తెర మీద చూసిన ముఖమే గుర్తుంటుంది.

గోదారి_గట్టు
సుబ్బులు గారి మాటతో ఏకీభవిస్తాను. రీలు గారు పియానో సీన్ గురించి చెప్పింది కూడా దానికి తోడైంది. తనని తాను చూపించుకోకుండా తీసింది, అందుకే కథ మాత్రమే గుర్తుండిపోయింది.

ఇందాక మిగతా సగం పెట్టాను. క్యాంటీన్ సీన్ రాగానే నాన్న రిమోట్ అడిగారు. చెయ్యి వణుకుతుంటే బటన్ నొక్కలేక నాకిచ్చి "వెనక్కి పెట్టు" అన్నారు. మూడుసార్లు చూశారు. తర్వాత "ఇది తీసినావిడ పేరేంటన్నావ్?" అని అడిగారు. చెప్పాను. ఆయన రోజూ మందులు రాసుకునే డైరీలో రాసిపెట్టమన్నారు. రాశాను.

వార్డు_సిస్టర్
రేపు గడప దగ్గర ఆగినప్పుడు పాట మొదలుపెట్టండి. ఏ పాటంటే ఆయనకి ఇష్టమో ముందే అడిగి ఉంచుకోండి.

ఇందూరు_పిల్ల
ఆదివారం 'లీగ్' పెట్టండి అన్నా. టెలిగ్రామ్ సీన్ వచ్చేసరికి నాన్న పక్కన కూర్చోండి.